టేపు కింద పేరు

కొక్కెంలా వంగిన కత్తిమొనను గోల్ఫు కర్ర పిడికి తొడిగిన రబ్బరు పట్టులో గుచ్చి అవతలికి తోస్తే, పాత పట్టు అరటితొక్కలా విచ్చుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆయన రోజూ పొద్దున్నే చేసే మొదటి పని ఇదే. కత్తిని తనవైపు లాక్కోకూడదని పనిలో చేరిన మొదటి వారంలోనే ఎడమ బొటనవేలు నేర్పింది. ఆ పాఠం తాలూకు గాటు ఇప్పటికీ తెల్లగా కనిపిస్తుంది. తొక్క ఊడదీసి, దాని కింద ఎండిపోయిన జిగురును గోటితో గీకి, కర్ర గొట్టం చుట్టూ రెండువైపులా అంటుకునే టేపు కొత్తగా వేసి, దాని మీద ద్రావకం పోస్తాడు. ఆ తడి ఉన్న నాలుగు క్షణాలూ టేపు నూనె రాసినట్టు జారుతుంది. ఆలోపలే కొత్త పట్టు తొడిగి, దాని మీది గీత సూటిగా ఉందో లేదో ఒంటికన్నుతో చూసి నిలబెట్టేయాలి. ఆలస్యమైతే ఎక్కడ ఆగిందో అక్కడే. తర్వాత దేవుడొచ్చినా కదలదు.

ఆయన పనిచేసే షాపు గోల్ఫు మైదానం గేటు పక్కనే ఉంది. ముందు గదిలో అద్దాలు, దీపాలు, గోడ నిండా తళతళలాడే కర్రలు, నేల మీద పచ్చ తివాచీ, తివాచీ చివర గిన్నెంత గుంట. కొనేవాళ్ళు అక్కడ బంతిని తోసి చూసుకుంటారు. వెనక గది ఆయనది. ఒక కిటికీ, ఒక బల్ల, బల్లకు బిగించిన ఇనుప పట్టకారు, గోడకు మేకులు, మేకులకు టేపు చుట్టలు. ఆయనకు అరవై నాలుగేళ్ళు. చెవుల మీద తెల్ల వెంట్రుకలు, ముందుకు వంగిన మెడ, ఎంత తోముకున్నా పోని జిగురు వాసన. కళ్ళజోడు కాడ విరిగితే దానికీ నల్ల టేపే చుట్టాడు. అందరూ ఆయన్ని టేపు మాస్టారంటారు. ఆ పేరు వెనక పెద్ద కథే ఉంది. నవ్వొచ్చే కథే, కాకపోతే ఆయన ముందు ఎవరూ నవ్వకూడదు.

ఈ పొద్దున పట్టు ఊడదీస్తుంటే రెండుసార్లు కత్తి జారింది. ఇంట్లో బయల్దేరే ముందు భార్య అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది.

ఆవిడ మంచం ముందు గదిలో కిటికీ కింద వేసి ఉంటుంది. గుండె నీరసించిపోయిందనీ, ఇక తిప్పి ప్రయోజనం లేదనీ, ఇంట్లోనే ఉంచుకోమనీ ఆసుపత్రి డాక్టరు చెప్పి పదహారు రోజులైంది. కళ్ళు అంతకు చాలా ముందే మసకబారాయి. వస్తువును ముక్కుకు ఆనించుకుని, భూతద్దం పెడితే తప్ప కనబడదు. ఆయన భుజం కింద చెయ్యి వేసి లేపి పాలు పట్టిస్తుంటే, రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కకు నెట్టింది.

"ఇవాళ క్లబ్బు కప్పు ఫైనల్ కదండీ."

"ఊఁ."

"పళ్ళ డాక్టరు గారే గెలుస్తారుగా."

"ఆయనే గెలుస్తాడు. ఆయన కాక ఇంకెవరున్నారు?"

"ఫోటో తీస్తారు కదా. ఈసారి షాపు గోడకి తగిలించే ముందు ఒక్క పూట ఇంటికి తీసుకురండి. కర్ర మీది పేరు కనబడుతుందని చెప్పడమే గానీ, ఆరేళ్ళుగా ఒక్కసారైనా చూపించారా? వచ్చే ఏడాది చూద్దాంలే అనడానికి నాకు వీలు పడదు."

ఏదో కూరగాయలు తెమ్మన్నంత తేలిగ్గా అంది. ఆయన గ్లాసు కడగాలన్న వంకతో వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, గ్లాసు కడగకుండా చాలాసేపు నిలబడ్డాడు.

ఎందుకంటే ఆ ఫోటోల్లో పేరు కనబడదు. ఆరేళ్ళుగా ఆయన చెబుతున్నది అబద్ధం.

ఊరి చివర ఒకప్పుడు గోల్ఫు కర్రల తలలు పోతపోసే ఫ్యాక్టరీ ఉండేది. ఆయన సానపెట్టే చోట, ఆవిడ రంగులు వేసే చోట పనిచేసేవాళ్ళు. లోహం మీద చెక్కిన అక్షరాల గాడుల్లో సన్నని కుంచెతో రంగు నింపడం ఆవిడ పని. ఊపిరి బిగబట్టి ఒక అక్షరం, వదిలి ఒక అక్షరం. వేలిముద్ర పడిన లోహం మీద రంగు నిలవదు. ఈయన సానపెట్టి పంపిన ముక్కల మీద రోజూ బొటనవేలి ముద్రలుండేవి. ఆవిడ వాటిని వెనక్కి పంపేది. మూడోసారి తనే తెచ్చి బల్ల మీద పెట్టి, "ఈ వేలు ఎవరిదో ఆ మనిషిని ఒకసారి చూద్దామని వచ్చాను" అంది. అలా మొదలైంది వాళ్ళ కాపురం.

ఆ ఫ్యాక్టరీలో పొద్దున పోసేవి బయటి కంపెనీలకి. అందులో ముఖ్యమైనది రెండు బాణాల గుర్తున్న పెద్ద కంపెనీ. మధ్యాహ్నం తర్వాత అదే కొలిమిలో, అదే లోహంతో, ఫ్యాక్టరీ సొంత సరుకు పోసేవారు. దాని పేరు 'వేకువ'. నారింజరంగు అక్షరాలు. బంతిని గుంటలోకి మెల్లగా తోసే పొట్టి కర్రను పట్టర్ అంటారు. వేకువ పట్టర్ చేతిలో పట్టుకుంటే నీళ్ళు నిండిన చెంబు పట్టుకున్నట్టు నిలకడగా ఉండేది. అయినా కొన్నవాడు లేడు. ఫ్యాక్టరీ మూతపడింది.

షాపులో చేరాక గానీ ఆయనకు కారణం తెలియలేదు. వెనక గది తలుపు సందులోంచి ఇరవై రెండేళ్ళు కొనేవాళ్ళనే చూశాడు. టీవీలో గెలిచినవాడి చేతిలో ఏది ఉంటే మర్నాడు అదే కావాలంటారు. క్లబ్బులో పక్క లాకరు వాడు ఏది కొంటే అంతకంటే పెద్దది కావాలంటారు. ధర ఎక్కువైతే అందులో ఏదో ఉండే ఉంటుందంటారు. టోపీ మీద ఏ గుర్తు ఉందో సంచీ మీదా అదే ఉండాలంటారు. మొదట్లో ఆయనకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత జాలి వేసేది. పాపం, వాళ్ళ తప్పేముంది? గుంటకు నాలుగడుగుల దూరంలో, నలుగురూ చూస్తుండగా నిలబడితే ఎంతటివాడికైనా చేతులు వణుకుతాయి. వణికే చేతికి ఏదో ఒక ధైర్యం కావాలి. ఆ ధైర్యం పేరులోంచి వస్తుంది. వేకువ అన్న పేరు చూసి ఎవరికీ ధైర్యం రాలేదు.

మూతపడ్డప్పుడు షాపుకు పన్నెండు వేకువ పట్టర్లు వచ్చాయి. మూలన ఒక డబ్బాలో నిలబెట్టారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఒకటి షట్టరు కిందికి లాగే కొక్కేనికి కర్ర అయింది. ఒకటి కర్టెన్లు వేలాడదీయడానికి పోయింది. ఒకదాంతో ఓనరు కూతురు కుక్కను అదిలించేది. చివరికి డబ్బాలో ఒక్కటే మిగిలింది.

టేపు సంగతి అప్పుడే వచ్చింది. ఆరేళ్ళ కిందట పళ్ళ డాక్టరు కొత్త పట్టర్ కావాలని వచ్చాడు. తొమ్మిది చూశాడు, ఏదీ కుదరదు. ప్రతిదాని పేరూ చదవడం, పెదవి విరవడం. చూసి చూసి విసుగెత్తి, మాస్టారు లోపల్నించి నల్ల టేపు తెచ్చి అన్నింటి పేర్ల మీదా అంటించేశాడు. అంటించే ఊపులో డబ్బాలోని వేకువకు కూడా అంటించి వరసలో పెట్టేశాడు. "ఇప్పుడు చేతిని అడగండి డాక్టరు గారూ, కంటిని అడక్కండి" అన్నాడు. డాక్టరు ఒక్కొక్కటీ పట్టుకుని తోశాడు. ఎనిమిదోది పట్టుకుని ఆగిపోయాడు. అయిదు బంతులు తోస్తే అయిదూ గుంటలో పడ్డాయి. "ఇదే. దీని టేపు తియ్యొద్దు. ఎలా ఉందో అలాగే ఇచ్చెయ్యండి" అన్నాడు. అది వేకువ. ఏ కంపెనీ అని అడిగితే మాస్టారు తలెత్తి చూశాడు. డాక్టరు నెత్తిన బాణాల కంపెనీ టోపీ ఉంది. "కొత్తగా వచ్చిందండీ" అని నీళ్ళు నమిలాడు. బాణాల వాళ్ళు ఇంకా పేరు బయటపెట్టని రకమేమోనని డాక్టరే అనుకున్నాడు.

ఆ ఏడు క్లబ్బు కప్పు డాక్టరు గెలిచాడు. ఆపై ఏడు, ఆపై ఏడు కూడా. ఇక చూడాలి తమాషా. మెంబర్లందరూ షాపు మీద పడ్డారు. పట్టర్ కోసం కాదు, టేపు కోసం. టేపు వల్లే అదురు తగ్గుతోందని ఒకడు, బరువు కుదురుతోందని ఒకడు. బాణాల కంపెనీ పట్టర్లన్నింటికీ మాస్టారి చేత నల్ల టేపు వేయించుకున్నారు. ఒక రిటైర్డు జడ్జి గారైతే చేతి గడియారానికి కూడా వేయించుకున్నాడు. అలా ఆయన టేపు మాస్టారయ్యాడు. గెలిచింది వేకువ, పేరొచ్చింది టేపుకి.

ఈ సంగతి ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. సగమే చెప్పాడు. డాక్టరు గారు నీ పట్టర్‌తో గెలిచాడు అన్నాడు. "పేరు కనిపిస్తుందా?" అని అడిగింది ఆవిడ. "ఎందుకు కనిపించదు? ఫోటోలో కప్పు పక్కనే ఉంది" అనేశాడు. ఆవిడ ముఖం విప్పారింది. ఆ సాయంత్రమే చెల్లెల్ని పిలిచి చెప్పింది, ఎదురింటివాళ్ళకు చెప్పింది. అబద్ధాన్ని వెనక్కి తీసుకునే రోజు మళ్ళీ దొరకలేదు.

తొమ్మిదికి డాక్టరు వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్ల చొక్కా, పల్చబడ్డ జుట్టు.

"మాస్టారూ, దీని పట్టు అరిగిపోయింది. పదింటికల్లా మార్చిపెట్టండి. టేపు జోలికి మాత్రం పోవద్దు."

మాస్టారు పట్టర్ అందుకుని, ఎన్నడూ లేనిది ఆయనను ఆపాడు. "డాక్టరు గారూ, ఈ ఒక్క రోజూ టేపు తీసేసి ఆడతారా?"

డాక్టరు నవ్వాడు. "బాగున్న పంటిని ఎవరైనా పీకించుకుంటారా?" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మాస్టారు పట్టు మార్చాడు. గీత సరిచూశాడు. తర్వాత పట్టర్‌ను తిరగేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఫోటో ఇవాళ తీస్తారు, మళ్ళీ ఏడాదికి గానీ తీయరు. ఆవిడ దగ్గర ఏడాది లేదు. నెల కూడా ఉందో లేదో.

బల్లదీపం వేడికి టేపును కాసేపు చూపించి, మూలను గోటితో లేపాడు. ఆరేళ్ళ టేపు అంత తేలిగ్గా రాదు. పిల్లల పుండు మీది కట్టు విప్పినట్టు ఓపిగ్గా లాగాడు. కింద మూడు నారింజ అక్షరాలు నిన్న వేసినట్టున్నాయి. గాలి తగలక, ఎండ తగలక, రంగు ఏ మాత్రం మాయలేదు. రెండో అక్షరం తోక చివర ఆవగింజంత చుక్క కూడా అలాగే ఉంది. ఆ చుక్క అచ్చులో లేదు. ఆవిడ తాను రంగు వేసిన ప్రతి వేకువ మీదా కుంచె కొసతో ఒక చుక్క పెట్టేది. సూపర్‌వైజరు ఎన్నిసార్లు కసిరినా మానలేదు. ఆయనకు కళ్ళు చెమ్మగిల్లాయి. అక్షరాల చుట్టూ పాత జిగురు మిగిలిపోయింది. ద్రావకం పోస్తే జిగురుతో పాటు రంగూ పోతుంది. గుడ్డతో తుడిచినంత తుడిచి వదిలేశాడు.

పదింటికి డాక్టరు పట్టర్ అందుకుని, అలవాటుగా వెనక్కి తిప్పి చూసుకున్నాడు.

"టేపేదీ?"

"తీశానండి."

"ఎందుకు?"

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఫోటోలో ఈసారి పేరు పడితే బాగుంటుందేమోనని," అన్నాడు.

"వేకువ," అని చదివాడు డాక్టరు. "ఇదేం కంపెనీ?"

"ఇప్పుడు లేదండి. మూసేశారు. మేమిద్దరం అక్కడే పనిచేశాం. ఆ అక్షరాలకి రంగు వేసింది మా ఆవిడే."

"అయితే బాణాల వాళ్ళది కాదా?"

"కాదండి."

డాక్టరు తివాచీ మీద బంతి పెట్టి తోశాడు. గుంట అంచు తగిలి పక్కకు పోయింది. ఇంకొకటి తోశాడు. అది గుంట దాకా వెళ్ళనే లేదు. ఆరేళ్ళుగా ఆ పట్టర్ ఆ దూరం నుంచి తప్పడం మాస్టారు చూడలేదు.

"చూశారా, బరువు మారిపోయింది," అన్నాడు డాక్టరు.

ఆ టేపు ముక్క బరువెంత? ఊదితే ఎగిరిపోతుంది. మాస్టారి కళ్ళు డాక్టరు చేతుల మీద ఉన్నాయి. నోట్లో వెంట్రుకవాసి తేడా రాకుండా పనిచేసే ఆ చేతులు సన్నగా వణుకుతున్నాయి. కోపం కాదు అది, భయం. మాస్టారికి ఆయన మీద కోపం కూడా రాలేదు. డాక్టరు వేకువను కౌంటరు మీద పెట్టి, గోడ మీంచి నల్ల టేపు వేసిన బాణాల పట్టర్ ఒకటి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఓనరు అంతా చూశాడు. ఈయన కంటే పాతికేళ్ళు చిన్నవాడు. "ఎందుకు మాస్టారూ లేనిపోని పని?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి.

మధ్యాహ్నం డబ్బా విప్పి తిన్నాననిపించాడు. మైదానం వైపు నుంచి మధ్య మధ్య చప్పట్లు వినిపిస్తున్నాయి. ఎవరికో తెలియదు. వచ్చినవాళ్ళకు రెండు పట్లు మార్చాడు. రెండో దాని గీత వంకరగా అతుక్కుపోయింది. కోసి పారేసి మళ్ళీ తొడిగాడు. అలాంటి తప్పు ఆయన చేసి పదేళ్ళు దాటింది.

మూడు దాటాక ఓనరు కెమెరాతో వచ్చాడు. "డాక్టరు ఓడిపోయాడు మాస్టారూ. ఆఖరి గుంట దగ్గర. నాలుగడుగులు కూడా లేదు." గెలిచినవాడు ఎవరో కాంట్రాక్టరు. ఫోటోలో కప్పు పక్కన, టేపు లేని పట్టర్ మీద రెండు బాణాలు నిగనిగలాడుతున్నాయి. మాస్టారు ఫోటో చూసి తిరిగి ఇచ్చేశాడు. ఇంటికి తీసుకెళ్ళడానికి ఇక ఏమీ లేదు. నిండు మనసుతో ఒక్క మంచిపని చేద్దామనుకుంటే ఒక మనిషిని ఓడించి కూర్చున్నాడు.

నాలుగింటికి డాక్టరు వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. ఈ ఆరేళ్ళలో ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదలు.

"మాస్టారూ, అది పారేశారా?"

"లేదండి. నా వల్ల మీకు..."

"అదేం లేదు. దానికి మళ్ళీ టేపు వెయ్యండి. మునుపెలా ఉందో అలాగే. రేపు పదింటికి వచ్చి తీసుకుంటా." గొంతు తగ్గించాడు. "పేరు నాకు తెలిస్తే తెలిసింది. కనబడకుండా ఉంటే చాలు. కనబడితే నా చెయ్యి ఆడదు." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మీ ఆవిడకి ఎలా ఉంది?" అని అడిగాడు.

"ఉందండి," అన్నాడు మాస్టారు.

టేపు అక్కడే వేసేయవచ్చు. నిమిషం పని. కానీ ఆయన టేపు చుట్ట జేబులో వేసుకుని, పట్టర్‌ను పాత గుడ్డలో చుట్టి, ఓనరుతో చెప్పి ముందే బయల్దేరాడు. బస్సులో పట్టర్‌ను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. ఫోటో లేకపోతేనేం, అసలుదే చూపిస్తాను. డాక్టరు గారు ఒక పూటకి ఇచ్చారని చెబుతాను. ఇంకొక అబద్ధం. ఈ వయసులో అబద్ధాలు ఎంత తేలిగ్గా వచ్చేస్తున్నాయో అని తన మీద తనకే రోత పుట్టింది.

ఇంటికి చేరేసరికి ఎండ కిటికీ లోంచి మంచం కాళ్ళ దాకా వచ్చింది. పగలంతా కనిపెట్టుకుని కూర్చున్న మరదలు ఆయన్ని గుమ్మంలోనే ఆపింది.

"మధ్యాహ్నం నుంచి ఏమీ తాగలేదు బావా. మాట మాత్రం బాగానే ఉంది. డాక్టరు గెలిచాడా, ఫోటో వచ్చిందా అని నా ప్రాణం తీస్తోంది. ఒక అరగంట ఇంటికెళ్ళి వస్తాను."

ఆయన మంచం అంచున కూర్చుని గుడ్డ విప్పాడు. "ఫోటో కాదు. ఇదిగో, అసలుదే తెచ్చాను."

ఆవిడ పట్టర్ తలను రెండు చేతులా అందుకుని గుండెల మీద పెట్టుకుంది. భూతద్దం అడగలేదు. బొటనవేలితో మెల్లగా తడిమింది. మొదటి అక్షరం, రెండోది, తోక, మూడోది. మళ్ళీ మొదటికి వచ్చింది. ఈసారి వేలు అక్షరాల మీద కాక, వాటి చుట్టూ తిరిగింది. ఆగింది. వేలిని చూపుడువేలికి రాసి చూసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"టేపు జిగురు," అంది.

ఆయన చేతిలోని గుడ్డను మడతపెట్టాడు.

"ఇవాళ్టిది కాదు ఇది. ఏళ్ళ తరబడి ఉంటే గానీ ఇలా గట్టిపడదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఏమండీ, పేరు కనబడేది కాదు కదూ?"

ఇక దాచడానికేముంది? అంతా చెప్పాడు. మూలన ఉన్న డబ్బా, తొమ్మిది పట్టర్లు, టోపీ, జడ్జి గారి గడియారం, పొద్దున టేపు పీకడం, డాక్టరు చేతులు వణకడం, నాలుగడుగులు. "నిన్ను మోసం చేశానే," అన్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకుని వింది. గడియారం దగ్గర మాత్రం పెదవులు కదిలాయి. నవ్వే.

"అందుకా రంగు వేలికి ఇంత నిండుగా తగిలింది," అంది చివరికి. "ఏమీ బాధ లేదని చెప్పనండీ. ఉంది. ఆరేళ్ళు నలుగురికీ చెప్పుకున్నాను కదా." ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. "అయినా పొద్దున పూట బాణాలకి రంగు వేసిందీ నేనేగా. ఒకటే కుంచె. వాటినీ అంతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేశాను. ఎవరు గెలిచినా మన చేతి పనే."

"రేపు టేపు వేసి ఇమ్మన్నాడు."

"మరి వెయ్యండి."

"నాకు చేతులు రావడం లేదు."

"పాపం, ఆయనకు చేతులాడాలి కదా. వెయ్యండి. నా ముందే వెయ్యండి."

ఆయన జేబులోంచి చుట్ట తీసి, కొలత చూసి టేపు చించాడు. పట్టర్ ఆవిడ ఒళ్ళోనే ఉంది. అక్షరాల మీద టేపు ఆనించబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, భూతద్దం ఇమ్మంది. పట్టర్ తలను కంటికి ఆనించుకుని ఎంతోసేపు చూసింది.

"చుక్క ఉంది," అంది.

"ఉంది."

"దాన్ని వదిలేసి వెయ్యండి. చుక్కని ఎవరూ చదవరు."

ఆయన టేపు అంచును కత్తెరతో చుక్క పక్కనుంచి వంపుగా కత్తిరించాడు. పరిచాడు. బుడగలు లేకుండా నొక్కడం ఆవిడే చేసింది. బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకి, ఊపిరి బిగబట్టి ఒకసారి, వదిలి ఒకసారి. చివర్న వేలు గట్టిగా అదిమి పెట్టి, "మీ వేలిముద్రలకి ఎన్ని ముక్కలు వెనక్కి పంపానో," అంది. "ఇవాళ నాది పడింది."

అలిసిపోయింది. ఆయన పట్టర్‌ను తీసి గోడకు ఆనించి, దిండు సర్ది, చేతులకు అంటిన జిగురు కడుక్కుని పాలు వెచ్చబెట్టి తెస్తానని వంటింట్లోకి వెళ్ళాడు. సబ్బుతో పోదు ఆ జిగురు. కాస్త నూనె రాసి రుద్దుకున్నాడు. ఆరేళ్ళుగా గుండెల మీద కూర్చున్న బరువేదో దిగిపోయింది. రేపు పొద్దున కొంచెం ఆలస్యంగా వెళదాం, డాక్టరును పదిన్నరకు రమ్మంటే సరి, ఆవిడతో ఇంకాసేపు కూర్చోవచ్చు అనుకున్నాడు. పాలు పొంగకుండా దించి, గ్లాసులో పోసి, వేలు ముంచి వేడి చూసి తెచ్చాడు.

"ఇదిగో, రెండు గుక్కలు తాగు."

ఆవిడ ముఖం కిటికీ వైపు తిరిగి ఉంది. భూతద్దం గుండెల మీదనుంచి పక్కకు జారింది. పక్క మీద పరిచిన చేతిలో బొటనవేలు ఇంకా దేన్నో నొక్కుతున్నట్టే వంగి ఉంది. ఆయన మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలవలేదు. గ్లాసు కింద పెట్టి, అదే అంచున, అదే చోట కూర్చుని, ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

అరగంటలో వస్తానన్న మరదలు అరగంటకే వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "అక్కా," అంది. తర్వాత ఇరుగుపొరుగు వచ్చారు. ఆడవాళ్ళు మంచం చుట్టూ చేరారు. మగవాళ్ళు కుర్చీలు బయటికి తీశారు. స్టూలు, మందుల డబ్బా, చల్లారిన పాల గ్లాసు ఒక్కొక్కటీ గదిలోంచి తరలిపోయాయి. ఎవరో గోడకు ఆనించిన కర్రను కూడా తీయబోయారు. "దాన్ని ఉంచండి. రేపు పదింటికి ఒకరికి ఇవ్వాలి," అన్నాడు మాస్టారు. గొంతు మామూలుగానే ఉంది. తీయబోయిన మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సందె వెలుగు పోకముందు ఆ గదిలో గోడ దగ్గర అదొక్కటే మిగిలింది. వేకువ పట్టర్, దాని వీపున కొత్త నల్ల టేపు, టేపు చివర గట్టిగా అదిమిన బొటనవేలి ముద్ర, ఆ పక్కనే ఎవరూ చదవని నారింజరంగు చుక్క.